మొదటి నీళ్ళు

గ్రాంటౌన్, స్పే నది
8 మే 1989

లాక్లన్ బావగారికి,

మీరు పంపిన కంబళి అందింది. మీ మగ్గం మీద నేసిందా, మిల్లుదా అన్నది ఇష్బెల్ అయితే చెయ్యి వేసి చెప్పేది. నాకు రంగు ఒక్కటే తెలుస్తుంది. ఆకుపచ్చ.

ఆమె అంత్యక్రియలకు అంత దూరం నుంచి వచ్చారు. నేను సరిగా మాట్లాడలేదు. ఆ వారం ఎవరితోనూ మాట్లాడలేదు.

మీ చెల్లెలి బట్టలు చర్చివాళ్ళకు ఇచ్చేశాను. నదిలోకి వేసుకునే రబ్బరు బూట్లు మాత్రం ఇవ్వలేదు. లోపల ఇంకా ఇసుక ఉంది. మందుల షాపు నిరుడే అమ్మేశాను కాబట్టి పగలు పొడుగ్గా ఉంటోంది.

శనివారాలు నదికి వెళ్తున్నాను. మీ నాన్నగారి గాలం కర్ర కూడా తీసుకెళ్తున్నాను. ఊరికే గోడకు ఆనించి ఉంచడం ఎందుకని.

ఆరోగ్యం చూసుకోండి.

ఫెర్గస్


స్టోర్నవే, లూయిస్ దీవి
20 మే

ఒరేయ్ పొడికాళ్ళ బావా,

నీ పెళ్ళినాటి నుంచీ ఇలాగే పిలిచాను. ఇప్పుడు మర్యాద మొదలుపెడితే నీకే భయమేస్తుంది.

కర్రని నదికి తీసుకెళ్తున్నావా? కుక్కని షికారు తిప్పినట్టా? మంచిదే, దానికీ కాస్త గాలి తగలాలి. నువ్వు మాత్రం నీళ్ళలో దిగకు. తుమ్ములు పట్టుకుంటాయి. నాన్న స్పే నది గట్టున పుట్టి గట్టున పోయాడు. అలాంటివాడికి కాలు తడవని అల్లుడు దొరికాడే అని ఊరంతా నవ్వింది, గుర్తుందా? ఇష్బెల్ ఒక్కతే నవ్వలేదు. "ఆయన ఒడ్డున ఉంటేనే నాకు ధైర్యం అన్నయ్యా" అంది. పిచ్చి మొహం.

నేనేదో హాయిగా ఉన్నాననుకోకు. మగ్గం తొక్కుతూ తొక్కుతూ ఆగిపోతున్నాను. ఆదివారం చర్చి అవగానే చెల్లెలు ఫోన్ చేసేది. ఆదివారం పూట ఫోన్ ఎత్తడం పాపమని పక్కింటి ముసలావిడ గోడకి చెవి పెట్టి మరీ గొణిగేది. అయినా ఎత్తేవాణ్ణి. ఇప్పుడు ముసలావిడ హాయిగా నిద్రపోతోంది.

సరే, అసలు సంగతి. ఆ కర్ర నాకు పంపు. చేపల లారీ టోర్కిల్ ప్రతి బుధవారం ఇన్వర్‌నెస్ వస్తాడు. వాడి చేతిలో పెడితే చాలు. కొడుకుని, నన్ను వదిలేసి నాన్న దాన్ని కూతురికిచ్చినప్పుడు నేను వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడైనా అది కొన్నాళ్ళు నా చేతుల్లో ఉండాలి. ఎందుకని అడక్కు. పంపు.

ఇంకో మాట. చేపల సీజన్ ఆఖరి రోజు, సెప్టెంబరు ముప్ఫై, ఈసారి శనివారం పడింది. ఏటా ఆ పొద్దున చలువ మడుగులో మొదటి నీళ్ళు చెల్లెలు నాకే ఇచ్చేది. తెల్లారాక ఇంకా ఎవరి దారమూ పడని నీళ్ళు. ఎవరూ తమవాళ్ళకి కూడా ఇవ్వరు. ఒక విసురు, ఒక అడుగు దిగువకి, మళ్ళీ విసురు. ముందు నేను, నా వెనక చెల్లెలు. నువ్వు రాతి మీద పుస్తకంతో. ఈ ఏడు రమ్మంటావా, వద్దంటావా? నీ నోటితో చెప్పు.

గాలం పట్టేవాళ్ళం ఉత్తరం చివర 'దారం బిగువుగా ఉండాలి' అని దీవించుకుంటాం. నీకు దారం లేదు కాబట్టి మోకాళ్ళు గట్టిగా ఉండాలి.

లాక్లన్


గ్రాంటౌన్
2 జూన్

బావగారికి,

కర్ర పంపను. ఇష్బెల్ వస్తువులు ఆమె ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాయి. మీ నాన్నగారు ఆమెకిచ్చారు. ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

ముప్ఫయ్యో తేదీ సంగతి మీ ఇష్టం. మడుగు గాలం క్లబ్బుది. నాది కాదు.

ఇక్కడ వానలు బాగున్నాయి. నది నిండుగా ఉంది.

ఫెర్గస్


స్టోర్నవే
25 జూన్

ఫెర్గస్‌కి,

నేను వస్తువులు అడగలేదు. చెల్లెలి గిన్నెలు, గొలుసులు పంచుకోవడానికి కాచుకున్న అన్నలా కనిపించానా నీకు? పంపకపోతే పంపనని చెప్పు. పాఠం చెప్పకు.

మన ఇద్దరి మధ్యా ముప్ఫై ఏళ్ళు మాటలన్నీ ఆవిడే మాట్లాడిందని ఇప్పుడర్థమవుతోంది. నీకొకటి, నాకొకటి అందంగా మార్చి చెప్పేది కాబోలు.

కుడి భుజం పట్టేసింది. మగ్గం మీద ఎక్కువ కూర్చున్నందుకు. రాయడం ఇబ్బందిగా ఉంది, అందుకే ఇంతే.

ఆ కర్రని ఎండలో పెట్టకు. ఆ మాత్రం అయినా విను.

లాక్లన్


గ్రాంటౌన్
16 జూలై

బావగారికి,

నా ఉత్తరం కటువుగా ఉందని తర్వాత అనిపించింది. పోస్టు చేసే ముందు మళ్ళీ చదువుకునే అలవాటు నాకు లేదు. మందుల చీటీలు రాసిన చెయ్యి. ఎండలో పెట్టడం లేదు.

మీకు నచ్చే కబురు ఒకటి రాస్తాను. శనివారం పొద్దున్నే క్లబ్బువాళ్ళు చలువ మడుగులో రెండు చేతుల విసురు నేర్పుతున్నారు. నేను ఒడ్డున కూర్చుని చూస్తుంటాను. నేర్పేది ఫినెల్లా మాకీ. పళ్ళ డాక్టరు. నది దగ్గరా అదే గొంతు.

"నీళ్ళని కొట్టకండి సార్, అవేం చేశాయి మిమ్మల్ని? పై చేత్తో తొయ్యడం కాదు. కింది చెయ్యి పొట్టకేసి లాగాలి. పై చెయ్యి ఊరికే దారి చూపిస్తుంది."

"పన్ను పీకినట్టా డాక్టరమ్మా?" అన్నాడు మాంసం కొట్టు నార్మన్ టల్లక్.

"మీరు పక్కటెముకలు నరికినట్టు మాత్రం కాదు."

ఎనిమిది మంది ఉన్నారు. అందులో ఒక ముసలాయన. అందరికన్నా వెనకబడ్డాడు. మొన్న దారం వెళ్ళి ఆయన టోపీకే చుట్టుకుంది. ఫినెల్లా విప్పుతూ, "మీకు మీరే పడ్డారు. వదిలెయ్యమంటారా, తూకం వెయ్యమంటారా?" అంది. నార్మన్, "వదిలెయ్యండి, ముదురు చేప, ఉడకదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఒక్కసారి మాత్రం ఆయనకు కుదిరింది. దారం నీళ్ళ మీంచి లేచి, పక్కన ఒక్కసారి నీటిని తాకి, వెనక సగం చంద్రుడిలా తిరిగి, అవతలి ఒడ్డు దాకా చప్పుడు లేకుండా వెళ్ళి పరుచుకుంది. ఆయన అలాగే నిలబడిపోయాడు. అడుగు దిగువకి వెయ్యడం మరిచిపోయాడు. వెనక ఉన్నవాళ్ళంతా ఆగిపోవలసి వచ్చింది.

"సారూ, మడుగు కొనేశారా?" అని అరిచాడు నార్మన్.

అప్పుడు కదిలాడు.

భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టండి. నూనె రాసి గట్టిగా రుద్దనివ్వకండి.

ఫెర్గస్


స్టోర్నవే
5 ఆగస్టు

బావా,

ఇదీ ఉత్తరమంటే! నీకు ఇంత రాయడం వచ్చా? రెండుసార్లు చదివాను. టోర్కిల్‌కి కూడా చదివి వినిపించాను. లారీ బానెట్ మీద గుద్ది గుద్ది నవ్వాడు.

ఆ ముసలాడికి నా మాటగా చెప్పు. అరవై దాటాక ఈ రెండు చేతుల స్పే విసురు నేర్చుకోవడమంటే పళ్ళన్నీ ఊడాక చెరుకు కొన్నట్టు. ఇంట్లో పెళ్ళాం పోరు పడలేక వచ్చి నదిలో నిలబడుంటాడు. ఇలాంటివాళ్ళని నాన్న చాలామందిని చూశాడు. ఆయన కొలువు చేసిన దొరగారి అతిథులు! కొత్త కోటు, కొత్త టోపీ. "చేపలు వీళ్ళని చూడ్డానికే సముద్రం నుంచి వస్తాయిరా" అనేవాడు. మడుగులో పాతుకుపోయి నిలబడ్డాడంటే ఇంకేం చెప్పాలి, వాడికి నది మర్యాదే తెలీదు. ఒకడు కదలకపోతే వెనక అందరి పొద్దూ పాడవుతుంది. గోల్ఫ్ ఆడుకోమను.

ఇష్బెల్ ఆ మడుగులో దిగితే ఎలా ఉండేదో నువ్వెప్పుడైనా తలెత్తి చూశావా? పుస్తకంలోంచి?

భుజం అలాగే ఉంది. కాపడం పెడుతున్నాను, ఓ మందులాయనా.

సెప్టెంబరు గురించి నువ్వింకా ఏమీ చెప్పలేదు. టికెట్టు ముందే కొనాలి.

దారం, మోకాళ్ళు, అన్నీ.

లాక్లన్


గ్రాంటౌన్
10 సెప్టెంబరు

బావగారికి,

ఆ ముసలాయనకు పోరు పెట్టే భార్య లేదు. పోయింది.

ముప్ఫయ్యో తేదీ పొద్దున నేను చలువ మడుగు దగ్గర ఉంటాను. రావడం, రాకపోవడం మీకే వదిలేస్తున్నాను.

ఫెర్గస్


గ్రాంటౌన్
3 అక్టోబరు

బావగారికి,

మీరు రాలేదు. ఎందుకని అడగను. జరిగింది మాత్రం చెప్పాలి. కర్ర మీ నాన్నగారిది.

ఆ ముసలాయన నేనే. మే నెల నుంచి నేర్చుకుంటున్నాను. ముప్ఫయ్యో తేదీన మీరు బస్సు దిగి గట్టు మీదికి వచ్చేసరికి నేను ఆమె బూట్లంత ఎత్తు బూట్లేసుకుని నీళ్ళ పక్కన నిలబడి ఉండాలనుకున్నాను. మీరేదో ఒకటి అంటారు, నేను జవాబు చెప్పకుండా ఒక్క విసురు విసరాలని. అంతే. అందుకే కర్ర పంపలేదు. ముందే చెబితే ఆ ఒక్క క్షణం పోతుందని చెప్పలేదు.

తెల్లవారేసరికి మడుగు దగ్గర ఉన్నాను. దిగలేదు. మొదటి నీళ్ళు మీవి కదా. నార్మన్ వచ్చాడు.

"దిగుతారా సార్, ముహూర్తం చూస్తున్నారా?"

"మా బావగారు రావాలి."

"ఆయన వచ్చేదాకా చేపలు కూడా కాచుకుంటాయా?"

అన్నాడే కానీ తనూ దిగలేదు. నా వెనక ఫినెల్లా, ఆవిడ వెనక ఇంకొకరు. సీజన్ ఆఖరి పొద్దు. అందరూ గట్టు మీద టీ తాగుతూ నా కోసం ఆగారు. పది గంటల బస్సు వచ్చింది. ఎవరూ దిగలేదు. అప్పుడు నార్మన్ నెమ్మదిగా, "ఇక వెళ్ళండి సార్" అన్నాడు. వెటకారం లేకుండా. అది భరించడం కష్టమైంది. దిగాను.

నేను కనిపెట్టనిదేమిటంటే ఆ గంటల్లో గాలి తిరిగింది. ఆ లోయలో గాలి ఎప్పుడూ నదితోపాటే దిగువకి పోతుంది. ఆ రోజు సముద్రం వైపు నుంచి ఎదురు వచ్చింది. ఇష్బెల్ ఎడమ చెయ్యి పైన పెట్టి, నది దిగువ వైపున్న భుజం మీంచి విసిరేది. నాకు వచ్చింది అదొక్కటే. మొదటి రోజే ఫినెల్లా అడిగింది, మీరు కుడిచేతివారు కదా, ఎడమ చెయ్యి పైకెందుకు పోతోంది, ఎవరు నేర్పారని. ఎవరూ నేర్పలేదన్నాను. "ఈ ఒడ్డుకి, ఈ గాలికి బాగానే ఉంది. గాలి తిరిగితే మాత్రం చెయ్యి మార్చండి, లేకపోతే కొక్కెం మీ మొహానికే వస్తుంది" అంది. మార్చడం నేర్చుకోలేదు. మారిస్తే ఆమెది కాదనిపించింది.

విసిరాను. దారం వచ్చి నన్నే కొట్టింది. కొక్కెం భుజం మీద కోటుకి దిగింది. అందరూ చూస్తున్నారు. కోపంగా గుంజాను. కర్ర మధ్య అతుకు దగ్గర పుటుక్కుమంది. పెద్ద చప్పుడేమీ కాదు. పై భాగం దారానికి వేలాడుతూ నీళ్ళలో తేలింది.

అతుకు మీద నేను మొదటి నుంచీ కరెంటు పనివాళ్ళ టేపు చుట్టేవాణ్ణి. ఆమె తోలు పట్టీతో కట్టేది. ఎలా కట్టేదో చూశాను కానీ ఎందుకో అడగలేదు.

ఇంకొకటి కూడా అడగలేదు. ఆమె రాసింది కుడిచేత్తో, కుట్టింది కుడిచేత్తో, రొట్టె కోసింది కుడిచేత్తో. గాలం కర్ర ఒక్కటే ఎడమచెయ్యి పైన. అంతకాలం కలిసి ఉండి అడగలేదు.

క్షమించమని అడగడం లేదు. తెలియాలని రాశాను.

ఫెర్గస్


ఇన్వర్‌నెస్, ఆసుపత్రి
30 అక్టోబరు

బావా,

రాత వంకరగా ఉంటే తిట్టుకోకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిది కట్టేసి ఉంది. భుజం లోపల నరం తెగిపోయి చాలా కాలమైందట. కోశారు, కుట్టారు. చెయ్యి గడ్డం దాకా లేస్తే అదృష్టం, తల దాటదు అని చెప్పారు. ఈ సంగతి జూన్‌లోనే తెలుసు. పెళ్ళాం పోయి నువ్వుంటే నా భుజం పురాణం ఎందుకని మగ్గం మీదికి తోసేశాను. మొన్నటి సెప్టెంబరే నా ఆఖరి సెప్టెంబరని నాకు తెలుసు బావా. నీకు తెలీదు.

బయల్దేరాను. టికెట్టు జేబులో ఉంది. రేవు దగ్గర ఓడ కోసం నిలబడి నీ ఆఖరి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "పోయింది." ఆ ఒక్క ముక్క. అప్పుడు తట్టింది నాకు ఆ ముసలాడెవరో. పళ్ళూడాక చెరుకన్నాను. పెళ్ళాం పోరన్నాను. టోర్కిల్‌ని కూడా నవ్వించాను. ఏ మొహం పెట్టుకుని నీ ముందు మొదటి నీళ్ళలో దిగను? ఓడ వెళ్ళిపోయింది. నేను ఇంటికి పోయి ఆ టికెట్టు ముందర పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు అక్కడ మడుగు తాకకుండా నా కోసం నిలబడి ఉన్నావు. ఇద్దరికిద్దరం సరిపోయాం.

కర్ర నీ మూలాన విరగలేదు. మధ్య అతుకు కింద వెంట్రుకంత పగులు ఉంది. నిరుడు ఆఖరి రోజున నేనే చూశాను. అది గ్రీన్‌హార్ట్ చెక్క, చెప్పకుండా పోతుంది. మైనం పట్టించిన దారం కింద చుట్టి, పైన తడి తోలుతో బిగించాలి. "చలికాలంలో పంపుతా అన్నయ్యా, నువ్వే కట్టాలి" అంది. చలికాలమంతా నువ్వు చెల్లెల్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పావు. నేను మాట తప్పకూడదని నిన్ను అడిగాను. కట్టి తెచ్చి, ముప్ఫయ్యో తేదీన నీ చేతిలో పెట్టి, ఇది ఇక నీ ఇంట్లోనే ఉండాలి అందామని. ముందే చెబితే ఏం పోయేది? నాకూ నీ రోగమే.

ఇక ఎడమచెయ్యి. చెల్లెలు నిజంగా నీకు చెప్పలేదా?

అవతలి ఒడ్డు దొరగారిది కదా. నాన్న అక్కడ పనిచేసేవాడు, నేను ఆయన పక్కన. ఆడపిల్ల గట్టు మీద కనిపిస్తే అతిథులకి చేప పడదని దొరగారి నమ్మకం. కాబట్టి దాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. అది నది దాటి మీ ఒడ్డుకి వచ్చి, నాకు ఎదురుగా నిలబడి, చీపురు కర్రతో నన్ను చూసి చేసేది. నేను దొరగారి ఒడ్డు నుంచి అరిచేవాణ్ణి. "ఇంకా ఎత్తవే! అక్కడే ఆపవే!" అద్దంలో చూసుకున్నట్టు నేర్చుకుంది. నా కుడి దానికి ఎడమ అయిపోయింది. తర్వాత మార్చుకోమంటే, "నీకు ఎదురుగా నిలబడితేనే నాకు వస్తుంది" అంది. నాన్న ఒకరోజు పొదచాటు నుంచి చూసి, ఇంటికొచ్చి, కర్ర దానికిచ్చాడు.

నువ్వు దాని వీపు చూసి నేర్చుకున్నావు. అంటే చూశావన్న మాట, పుస్తకంలోంచి. ఆ మాట అన్నందుకు కూడా నన్ను చెప్పుతో కొట్టు.

నేనింక విసరలేను. పొడికాళ్ళు ఇకమీదట నావి.

లాక్లన్


గ్రాంటౌన్
14 జనవరి 1990

బావగారికి,

ఆలస్యంగా రాస్తున్నాను. మీ ఉత్తరం ఆమె బూట్ల పక్కన పెట్టాను. రోజూ కనిపిస్తోంది.

కర్రని ఇద్దరికి చూపించాను. కట్టడానికి లేదన్నారు. ముక్కలు పారెయ్యలేదు. ఫినెల్లా తన పాత కార్బన్ కర్ర ఇచ్చింది. చాలా తేలిక. దాని లోపం అదే.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను పుస్తకం చదవలేదు. పేజీలు తిప్పేవాణ్ణి. ఆమె వెనక్కి తిరిగినప్పుడు తల దించుకునేవాణ్ణి. ఎందుకో తెలియదు. ఒకసారి మడుగులోంచి పిలిచింది. "నువ్వూ దిగు ఫెర్గస్, నేను పట్టుకుంటాగా" అంది. నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాను. మళ్ళీ పిలవలేదు. నేను చూస్తున్నానని ఆమెకు తెలియకుండానే పోయింది.

ఇప్పుడు ఒక విషయం. ఎడమచెయ్యి పైన పెడితే లేవాల్సింది ఎడమ భుజం. కుడి చెయ్యి కిందనే ఉంటుంది, పొట్ట దగ్గర. గడ్డం దాకా కూడా అక్కర్లేదు. మీ డాక్టరుని అడగండి. నేను ఫినెల్లాని అడిగాను. ఈ ఒడ్డున, ఈ గాలికి కుదరవచ్చు అంది. కుదురుతుందని అనలేదు.

సీజన్ ఫిబ్రవరి పదకొండున మొదలు. ఆదివారం పడింది కాబట్టి పన్నెండు. మంచు ఉంటుంది. ఈసారి స్పష్టంగా రాస్తున్నాను, మీ ఇష్టానికి వదలడం లేదు. రండి. పది గంటల బస్సు దగ్గర నేనుంటాను.

అవతలి ఒడ్డున నిలబడకండి. అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది. నా వెనక, రాతి మీద కూర్చుని చూడండి. నేను అక్కడి నుంచే చూశాను. చేతులు బాగా కనిపిస్తాయి. గట్టు మీద గడ్డిలోనే విసిరి చూపిస్తాను, మొదటి నీళ్ళు నేను తాకను. నార్మన్‌కి కూడా చెప్పి ఉంచాను. "మళ్ళీనా!" అన్నాడు. సరేనన్నాడు.

గాలి ఎదురు తిరిగినా, మీ చెయ్యి రాకపోయినా, ఆ పొద్దుకి ఇద్దరం కూర్చునే ఉందాం. ఆ రాయి ఇద్దరికి సరిపోతుందో లేదో నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

ఫెర్గస్